చోళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నాయి

పాఠకుల ఉత్తరాలు – జవాబులు

శ్రీకాకుళం జిల్లాలో ముప్పై ఏళ్ళకు పైగా ఏఎన్‌ఎంగా, తర్వాత హెల్త్ సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరైన మా శీర్షిక నిర్వాహకురాలు ఈ నెల మూడు ఉత్తరాలకు జవాబు రాశారు. మూడూ తెలియని మనుషుల మధ్య మెలగడం గురించినవే.

*

అమ్మా, నేను స్టాఫ్ నర్సుని. మాది కృష్ణా జిల్లా. మెళియాపుట్టి వైపు కొండల కింద ఒక ఆసుపత్రిలో చేరి ఎనిమిది నెలలైంది. సవర గిరిజనుల ఊళ్ళ నుంచీ, కింది పల్లెల నుంచీ జనం వస్తారు. మందు ఎలా వేసుకోవాలో, ఏం తినాలో ఓపిగ్గానే చెప్తాను. "అర్థమైందా?" అంటే "ఆఁ" అంటారు. మళ్ళీ వచ్చినప్పుడు చూస్తే ఏదీ చేసి ఉండరు. పోయిన వారం ఒక గర్భిణి ఇంటికి వెళ్తే, ఐరన్ మాత్రల అట్టలు ఒక్కటీ చింపకుండా చూరులో దోపి ఉన్నాయి. పైగా పెద్దా చిన్నా అందరూ నన్ను "నువ్వు" అంటారు. వేరే సంస్కృతుల వాళ్ళతో ఎలా ఉండాలో ట్రైనింగులో ఒక గంట క్లాసు చెప్పి, సవరల ఆచారాల మీద ఒక కాగితం ఇచ్చారు. బట్టీ పట్టాను. పనికి రాలేదు. లోపం నాలో ఉందా, వాళ్ళలో ఉందా?
– ఒక నర్సు, శ్రీకాకుళం జిల్లా

అమ్మాయీ, నీ ఉత్తరంలో చూరులో దోపిన ఆ మాత్రల అట్ట దగ్గర ఆగిపోయాను. ఆమె వాటిని పారెయ్యలేదు, దాచింది. పారెయ్యడానికి మనసొప్పలేదు, మింగడానికి ధైర్యం చాల్లేదు. ధైర్యం ఎందుకు చాల్లేదో అడిగావా? ఉత్తరంలో ఆ సంగతి లేదు. అందుకని ముందు నా సంగతి ఒకటి చెప్తాను.

నాది తూర్పు గోదావరి. 1988లో ఉద్యోగం వచ్చి ఇటు వచ్చాను. హిరమండలం దాటాక ఒక పల్లెలో పదకొండు నెలల పాప ఉండేది. ఎనిమిదో నెల నుంచి తూకం కదల్లేదు. "రోజూ రాగి జావ పట్టు" అని తల్లికి చెప్పాను. పది రోజులకి వెళ్తే పట్టలేదు. మళ్ళీ చెప్పాను, ఈసారి కొంచెం గట్టిగానే. మూడోసారి వెళ్ళేసరికి ఆ పిల్ల బెదురుతూ, "కొట్లో రాగులు నేవన్నారమ్మా. పాలకొండ ఎల్తే దొరుకుతాయేటి?" అంది. ఏదో అనబోతూ పక్కకి చూశాను. ఆమె అత్తగారు అరుగు మీద తిరగలి తిప్పుతోంది. పక్కన చేట నిండా ఎర్రటి సన్నగింజలు. "అవేంటి?" అన్నాను. "చోళ్ళు" అంది ముసలమ్మ తలెత్తకుండా.

ఈ వైపు రాగుల్నే చోళ్ళు అంటారు. ఆ ఊళ్ళో పొద్దున్నే చోడి అంబలి తాగని ఇల్లు లేదు. పాపకి మాత్రం, నర్సమ్మ చెప్పిన ఆ "రాగులు" దొరికేదాకా ఆగుదామని ఉత్త గంజి పడుతున్నారు. నా మాట మీద గౌరవంతోనే ఆగారు. నెల రోజులు. చోళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నాయి.

ఆ తల్లి మాతృభాషా తెలుగే, నాదీ తెలుగే. అయినా అలా జరిగింది. మరి నీ దగ్గరికి వచ్చే సవర మనిషి సంగతి ఏమిటి? సవర తెలుగుకి దూరపు చుట్టం కూడా కాదు. ముండా భాషల కుటుంబం వేరు, మన ద్రావిడ కుటుంబం వేరు. ఆమె నీతో మాట్లాడే నాలుగు తెలుగు ముక్కలు సంతలో ఉప్పు, కిరోసిన్, గుడ్డలు కొనడానికి నేర్చుకున్నవి. కడుపులో ఉన్న బిడ్డ గురించి భయం చెప్పుకోవడానికి ఆ ముక్కలు చాలవు.

ఆ మాత్రల ఇంటికి మళ్ళీ వెళ్ళు. "ఎందుకు వేసుకోలేదు?" అని మాత్రం అడక్కు. అది టీచరు అడిగినట్టు ఉంటుంది. "ఈ మాత్ర వేసుకుంటే ఏమవుతుందని అంటారప్పా మీ ఊళ్ళో?" అని అడుగు. నాకు ఎక్కువగా వినబడిన జవాబులు మూడు. కడుపులో తిప్పుతుంది, విరేచనం నల్లగా అవుతుంది, బిడ్డ బాగా పెరిగిపోయి కాన్పు కష్టమవుతుంది. మొదటి రెండూ నిజాలే కదా! అవి మనం ముందే చెప్పి ఉండాల్సింది. రాత్రి తిన్నాక వేసుకుంటే తిప్పడం తగ్గుతుందనీ, నల్లగా రావడం వల్ల హాని లేదనీ, టీతో వేసుకుంటే మందు ఒంటికి పట్టదనీ, నిమ్మకాయ పిండుకుంటే మంచిదనీ. మూడోది భయం. కొండ మీద కాన్పు అడ్డం తిరిగితే డోలీలో మోసుకురావాలి. ఆ దారి ఆమెకి తెలుసు, నీకు తెలీదు. ఆ భయాన్ని మూఢనమ్మకం అని తోసెయ్యకు. మాత్ర బిడ్డని లావు చెయ్యదనీ, కాన్పులో రక్తం పోతే తల్లి తట్టుకోవడానికే అనీ చెప్పు. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు అని మనం లెక్క చెప్తాం. ఆమెకి ఆ లెక్క కంటే పోయిన ఏడు కాన్పులో పోయిన పక్కింటి మనిషి గుర్తుంటుంది. ఆ మనిషి గురించి ఆమెనే చెప్పనివ్వు. నువ్వు విను.

"అర్థమైందా" అనే ప్రశ్న ఈ రోజు నుంచి మానెయ్యి. దానికి "ఆఁ" తప్ప వేరే జవాబు ఎవరూ చెప్పరు. "లేదు" అంటే తనని తాను తక్కువ చేసుకోవాలి, లేదా నిన్ను తక్కువ చెయ్యాలి. రెండూ ఆమెకి ఇష్టం ఉండదు. దానికి బదులు, "ఇంటికెళ్ళాక మీ అత్త అడుగుతుంది కదా, ఏం చెప్తావు?" అను. ఆమె చెప్పేదాన్ని బట్టి నువ్వు ఏది సరిగా చెప్పలేదో నీకే తెలుస్తుంది. ఇంకొకటి. "భోజనం తర్వాత, మూడు పూటలా" అంటాం. పొద్దున్నే అంబలి తాగి పోడుకి వెళ్ళి, పొద్దుపోయాక వచ్చి వండుకునే మనిషికి మూడో పూట ఏది? ముందు వాళ్ళు ఎప్పుడెప్పుడు తింటారో అడిగి, మందుని దాని పక్కన పెట్టు.

భాష తెలియనప్పుడు మధ్యలో ఎవరిని పెట్టుకుంటున్నావో కూడా చూసుకో. నేను చేసిన తప్పు ఇది. ఒకసారి సీతంపేట వైపు (అప్పుడు అది శ్రీకాకుళం జిల్లానే, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది) ఒక సవర తల్లి తొమ్మిదేళ్ళ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. వాడు బడిలో చదువుతున్నాడు, తెలుగు గడగడా వచ్చు. నాకు సులువైపోయింది. "మీ అమ్మకి ఏంటో అడగరా" అన్నాను. వాడు అడిగాడు. ఆమె వాడి మొహం చూసింది, నా మొహం చూసింది, కడుపు నొప్పి అని చెప్పించింది. నేను మాత్రలు ఇచ్చి పంపాను. ఆమెకి రెండు నెలలుగా ఆగకుండా రక్తస్రావం. ఆ మాట కొడుకు నోటితో ఎలా చెప్పిస్తుంది? మూడు వారాల తర్వాత పాలిపోయి, నడవలేక, ఇద్దరి భుజాల మీద వచ్చింది. బతికింది. కానీ ఆ రోజు ఆమె చూపు నాకు అర్థం కాకపోవడం ఇప్పటికీ బాధిస్తుంది. పిల్లల్ని మధ్యలో పెట్టకు. మొగుణ్ణి కూడా ఆడవాళ్ళ విషయాల్లో పెట్టకు. మీ ఆశా కార్యకర్త ఆ ఊరి మనిషే అయి ఉంటుంది, ఆమెని కూర్చోబెట్టు. ఆమెకి కుర్చీ వెయ్యి. మాట్లాడేటప్పుడు ఆశా మొహం కాదు, జబ్బు మనిషి మొహం చూసి మాట్లాడు.

నువ్వున్న చోటికి పర్లాకిమిడి దగ్గర. అక్కడే గిడుగు రామమూర్తి గారు టీచరుగా చేశారు. సవరలు ఏమంటున్నారో తెలుసుకోవాలని, తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లోనే ఉంచుకుని వాళ్ళ భాష నేర్చుకున్నారు. కొండలెక్కి తిరిగారు. మలేరియా వచ్చి, క్వినైన్ ఎక్కువగా వాడటంతో చెవుడు వచ్చింది. అయినా ఆపలేదు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. అంత పని నిన్నూ నన్నూ ఎవరూ చెయ్యమనరు. నొప్పి, జ్వరం, ఎక్కడ, ఎన్ని రోజులు, భయం లేదు. ఈ ఐదూ ఆశాని అడిగి ఈ వారంలో నేర్చుకో. నేను మొదటిసారి "ఎక్కడ నొప్పి" అని సవరలో అడిగినప్పుడు, వరసలో కూర్చున్న ఆడవాళ్ళంతా ఒకేసారి తలెత్తారు.

"నువ్వు" అన్నందుకు నొచ్చుకోకు. ఈ వైపు పల్లెల్లో తల్లినీ నువ్వు అంటారు, దేవుణ్ణీ నువ్వు అంటారు. "ఒలే, నువ్వేటి సెప్తన్నావే" అంటే నిన్ను తమలో కలుపుకున్నట్టు. మీ వైపు "గారు" లేకపోతే మర్యాద లేదు, ఇక్కడ మర్యాద గొంతులో ఉంటుంది. నువ్వు మాత్రం అందరినీ మీరు అను. పెద్దామెని మామ్మా అను, నీకంటే కాస్త పెద్దదైతే అప్పా అను. వార్డులో కొందరు "ఏయ్ ముసలామె, ఇటు రా" అని పిలుస్తారు. ఆ పిలుపు విన్నాక ఆమె చెవికి ఇంక ఏ సలహా ఎక్కదు.

ఆ ఆచారాల కాగితం గురించి. పూర్తిగా పారెయ్యమనను. కొత్త పంట దేవతకి పెట్టకుండా తినరు, కంది కొత్తల పండుగ అయ్యేదాకా కొన్ని ఇళ్ళలో కొత్త కందులు ముట్టరు. ఇది తెలిస్తే, "పప్పు తినమ్మా" అని ఏ రోజుల్లో చెప్పి లాభం లేదో నీకు తెలుస్తుంది. పాత కందులు ఉన్నాయా, పెసలు ఉన్నాయా అని అడుగుతావు. కానీ కాగితంలో ఉన్న సవర మనిషి ఒక్కడే, నీ ముందు వచ్చేవాళ్ళు వందమంది. వాళ్ళలో చర్చికి వెళ్ళేవాళ్ళున్నారు, గురుకులంలో చదివి డిగ్రీ చేస్తున్న పిల్లలున్నారు, కేరళలో పనికి వెళ్ళొచ్చినవాళ్ళున్నారు. డిగ్రీ చదివే పిల్లని కూర్చోబెట్టి "మీ ఎజ్జోడు (పూజ చేసి తాడు కట్టే ఊరి వైద్యుడు) ఏమన్నాడు?" అని అడిగితే ఆ పిల్ల మళ్ళీ నీ దగ్గరికి రాదు. కాగితం చూసి అడగడం నేర్చుకో, కాగితం చూసి అనుకోవడం మాత్రం వద్దు.

అన్నిటికీ ఒప్పుకోమని కూడా చెప్పడం లేదు. ఫిట్సు, రక్తస్రావం, పాము కాటు, చలితో జ్వరం, పాలు తాగని పసిబిడ్డ. వీటిలో గంట కూడా వదులుకోకు. ఒక ఊళ్ళో ఎజ్జోడితో నేను చెప్పాను: "తాడు మీరు కట్టండి, మొక్కు మీరు మొక్కండి, నేను కాదనను. మనిషిని మాత్రం ముందు నా దగ్గరికి పంపండి, పూజ మేం తిరిగొచ్చాక చెయ్యండి." మొదట పలకలేదు. ఆ ఏడాది వానాకాలంలో తన మనవడికి జ్వరం వస్తే తనే ఎత్తుకుని వచ్చాడు. వాడి చేతికి తాడు ఉంది. ఆ తాడు తెంపకుండానే పక్క వేలికి సూది గుచ్చి రక్తం తీశాను. తర్వాత ఆ ఊరి నుంచి జ్వరం కేసులు ఆలస్యంగా రాలేదు. తాడు తెంపి ఉంటే ఏమయ్యేదో నువ్వే ఆలోచించు.

లోపం ఎవరిలో అని అడిగావు. ఆ లెక్క పక్కన పెట్టు తల్లీ. ముందు ఆ గర్భిణి ఇంటికి వెళ్ళు, తొందర ఉంది.

*

నమస్కారమండీ. మాది విజయనగరం. మా చిన్నబ్బాయి బరంపురం ఒడియా అమ్మాయిని ఇష్టపడి చేసుకున్నాడు. మేమూ ఒప్పుకునే చేశాం. పిల్ల మంచిదే. కానీ మా పెద్దబ్బాయి ఇంట్లోకి వస్తే చాలు, తల మీద కొంగు లాక్కుని లోపలికి వెళ్ళిపోతుంది. వాడు చాలా చిన్నబుచ్చుకుంటున్నాడు. మొన్న కార్తీకం ఇంకా పూర్తి కాకుండానే "మార్గశిర గురువారం" అని గడపలో పిండిముగ్గు పెట్టి లక్ష్మీపూజ మొదలుపెట్టింది. నెల తప్పు అని చెప్తే ఏడ్చింది. తిథులు కూడా తెలియని పిల్లకి ఏం నేర్పను?
– ఒక అత్తగారు

చెల్లెమ్మా, రెండు విషయాల్లోనూ మీ కోడలు మర్యాదగానే ఉంది. మీకు అది వేరేగా కనిపించింది, అంతే.

మన ఇళ్ళలో భర్త అన్నగారు బావగారు. ఎదురుగా నిలబడి "భోంచేశారా బావగారూ" అని వడ్డిస్తే మర్యాద. సంప్రదాయం ఉన్న ఒడియా ఇళ్ళలో భర్త అన్నగారి ఎదుట కోడలు పడదు, తల మీద కొంగు లేకుండా కనిపించదు, నేరుగా మాట్లాడదు. అదే అక్కడి గౌరవం. పుట్టింట్లో తల్లి బాగా నేర్పి పంపిన పిల్ల కాబట్టే అలా చేస్తోంది. మీ పెద్దబ్బాయికి ఈ సంగతి మీరే చెప్పండి. తర్వాత కోడల్ని ఒంటరిగా కూర్చోబెట్టి, "మా ఇంట్లో బావగారు అన్నయ్యలాంటివారమ్మా, నీకు ఎలా వీలైతే అలా ఉండు" అనండి. ఆమె రేపే మారిపోవాలని చూడకండి. ఇంకో మాట. మన మేనరికాలు వాళ్ళకి ఊహకి కూడా అందవు. మేనమామ కూతుర్ని చేసుకోవడం అంటే వాళ్ళకి చెల్లెల్ని చేసుకున్నట్టు. ఇంట్లో వరసల సరసాలు ఆడేటప్పుడు ఆ పిల్ల మొహం ఒకసారి చూడండి.

ఇక గురువారం సంగతి. మనకి నెల అమావాస్యతో ముగుస్తుంది. ఒడియా వాళ్ళకి పున్నమితో ముగుస్తుంది. కార్తీక పున్నమి వెళ్ళిన మర్నాటి నుంచే వాళ్ళకి మార్గశిరం వచ్చేస్తుంది, మనకి ఇంకా రెండు వారాలు కార్తీకమే. అందుకే ఆమె ముందు మొదలుపెట్టింది. తిథి తెలియక కాదు, వాళ్ళ పంచాంగం చూసుకునే. సావిత్రి వ్రతం కూడా ఇంతే, వాళ్ళ జ్యేష్ఠ అమావాస్య మన పంచాంగంలో వైశాఖ అమావాస్య. ఆ రోజు ఆమె ఉపవాసం ఉంటుంది, ముందే తెలుసుకుని పండ్లు తెప్పించి ఉంచండి.

ఆ పూజని వాళ్ళు మాణబసా గురుబార్ అంటారు. మాణ అంటే ధాన్యం కొలిచేది, మన మానిక లాంటిది. కొత్త ధాన్యం దాని నిండా పోసి లక్ష్మిగా పెడతారు. గడపలో ఆమె వేసింది ఝోటి. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండి నీళ్ళతో, వేళ్ళతో వేస్తారు. వరి కంకులు, లక్ష్మీ పాదాలు అందులో ఉంటాయి. పాదాలు ఎటు తిరిగి ఉన్నాయో చూశారా? వీధి నుంచి మీ ఇంట్లోకి. మార్గశిర గురువారం మీకూ కొత్తది కాదు, విశాఖ కనకమహాలక్ష్మి గుడికి మన విజయనగరం ఆడవాళ్ళు ఎంతమంది వెళ్ళరు? వాళ్ళ గురువారాలు రెండు అయ్యాక మీవి మొదలవుతాయి. ఈ ఏడు ఆమె వారాలకి మీరు పక్కన కూర్చోండి, మీ వారాలకి ఆమెని కూర్చోబెట్టుకోండి. ఏడ్చిన పిల్లకి ఇంతకంటే ఓదార్పు వేరే ఉండదు.

*

మేడమ్, మాది నరసన్నపేట. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసులో నేను "ఏటి" అంటే చాలు, నలుగురు అదే మాట సాగదీసి అంటారు. సినిమాల్లో కామెడీ యాక్టర్ లా మాట్లాడమంటారు. మనసులో చెడ్డతనం లేదని తెలుసు. కానీ మీటింగులో నోరు తెరవాలంటే టెన్షన్. అమ్మ ఫోన్ చేస్తే మెట్ల దగ్గరికి వెళ్ళి మాట్లాడుతున్నాను.
– ఒక ఉద్యోగి

బాబూ, చెడ్డతనం లేదన్నారు కదా, అయితే చెప్పడం సులువు. నలుగురిలో వద్దు. ఆ నలుగురిలో మీతో కాస్త దగ్గరగా ఉండే ఒకరిని టీకి తీసుకెళ్ళి, "మీరు నవ్వినప్పటి నుంచి నేను మీటింగులో మాట్లాడటం మానేశాను" అని ఒక్క వాక్యం చెప్పండి. వాళ్ళకి ఈ సంగతి తెలిసి ఉండదు. అయినా ఆగకపోతే టీమ్ లీడ్‌కి చెప్పండి, ఇది ఫిర్యాదు కాదు, పని విషయమే. మాట్లాడని మనిషి బుర్రలో ఉన్న ఆలోచన టీముకి అందదు.

మీ టీములో తెలంగాణ పల్లెల వాళ్ళు, రాయలసీమ వాళ్ళు ఉంటారు. వాళ్ళ మాటకి ఎవరైనా నవ్వితే మీరు కలిసి నవ్వకండి. ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చిన సెక్యూరిటీ గార్డు తెలుగు తడబడితే ఆగి, పూర్తిగా వినండి. మీకు తగిలినది మీకు తెలుసు కాబట్టి ఇది మీరే బాగా చెయ్యగలరు.

పని మాటలు అందరికీ అర్థమయ్యేలా నిదానంగా చెప్పండి, అది ఎవరికైనా అవసరమే. యాస దాచడం అవసరం కాదు. రేపు అమ్మ ఫోన్ చేస్తే మెట్ల దగ్గరికి వెళ్ళకండి. సీట్లోనే కూర్చుని మాట్లాడండి.